మెతక రకం

చావకూడని ఎలుకలు చచ్చిపోతున్నాయి. నూకరత్నం బాధ అదీ.

ఆమె పనిచేసే ప్రయోగశాలలో మలేరియా క్రిములు రెండు రకాలు ఉండేవి. మనుషులకొచ్చేవి కావు. వాటి దాయాదులు, ఎలుకల్ని మాత్రమే పట్టుకుంటాయి. ఒకటి ఎక్కిన ఎలుక కొన్నాళ్ళు ముడుచుకుని పడుకుని, లేచి మళ్ళీ మేత కొరుక్కునేది. దాన్ని మెతకది అనేవాళ్ళు. రెండోది ఎక్కితే ఇక లేవడమన్న మాటే లేదు. దాన్ని రాకాసి అనేవాళ్ళు. రెండిటి జన్యువుల్నీ పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం చదివి, చంపే గుణం ఎక్కడ దాక్కుందో పట్టుకోవాలి. రత్నం అందుకోసమే వచ్చింది.

ఈ పనే ఎందుకు కావాలని ప్రయోగశాల పెద్ద జోగినాథం మాస్టారు మొదటి రోజే అడిగారు.

"మా తమ్ముడు చలిజ్వరంతో పోయాడు మాస్టారూ. ఇంట్లో అందరికీ వచ్చింది. మిగతావాళ్ళం లేచాం," అంది.

అంతకుమించి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. వాణ్ణి తీసుకుపోయినదాన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలి, అంతే ఆమె ఆరాటం. ఆ ధ్యాసలో పడి తిండి వేళ, నిద్ర వేళ మర్చిపోయింది. సాలూరులో ఇంటికి వెళ్ళే బస్సెక్కి ఎన్నాళ్ళయిందో ఆమెకే తెలీదు.

తీరా ఇప్పుడు మెతకది కూడా చంపడం మొదలెట్టింది.

సీసాలు తారుమారయ్యాయేమో అనుకుంది. కాలేదు. ఎవరో రాకాసిది కలిపేశారని పక్క బల్ల వాళ్ళతో గొడవ పెట్టుకుంది. పాపం, వాళ్ళు ఆ సీసాల జోలికే పోలేదు. చివరికి చచ్చిన ఎలుక రక్తంలోంచి క్రిమిని తీసి దాని జన్యువులన్నీ మళ్ళీ చదివించింది. మొదట్లో ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి.

ఆ పొద్దున్నే వెళ్ళి మాస్టారి ముందు నిలబడింది.

"ఒక్క అక్షరం మారలేదు మాస్టారూ. అయినా చంపుతోంది. మరి నేను ఇన్నాళ్ళూ వెతికిందేంటి?" అంది.

మాస్టారు మాటల మనిషి కాదు. కదిపితే గాని నోరు విప్పరు, కదిపినా అంతంతమాత్రమే. శిష్యులంతా ఆయనకి మౌనవ్రతమని వెనకాల నవ్వుకునేవాళ్ళు. ఈసారి మాత్రం వెంటనే అడిగారు.

"ఒక ఎలుకలోంచి ఇంకో ఎలుకలోకి ఎలా పంపుతున్నావమ్మా?"

"సూదితోనేనండీ. ఒకటి పడిపోయేలోగా దాని రక్తం చుక్క తీసి ఇంకోదానికి ఎక్కిస్తున్నాను. క్రిమి బతికుండాలి కదా."

"మధ్యలో దోమకి ఇవ్వట్లేదా?"

రత్నం తలదించుకుంది. క్రిమిని అదేపనిగా సూది మీద నడపకూడదని, అప్పుడప్పుడూ దోమకి ఇవ్వాలని అక్కడ ఆనవాయితీ. పెద్దాయన చాదస్తం అనుకునేవాళ్ళు అందరూ. దోమలతో తంటా ఇంతా అంతా కాదు మరి. ఊళ్ళో జనం వాటిని చంపడానికి బ్యాట్లు కొనుక్కుంటుంటే, ఇక్కడ కొత్తల్లుళ్ళకి మల్లే పంచదార నీళ్ళిచ్చి మేపాలి. క్రిమి దోమలో పండేదాకా కాచుక్కూచోవాలి. అంత ఓపిక రత్నానికి ఎక్కడిది?

"ఆగలేకపోయాను మాస్టారూ," అంది.

ఆయన లేచి, జ్వరంతో ఉన్న ఎలుక బోను తనే పట్టుకుని దోమల గదికి నడిచారు. వెచ్చగా, చెమ్మగా ఉండే గది అది. ఎలుకకి మత్తిచ్చి, దోమలున్న డబ్బాకి కట్టిన వల మీద పడుకోబెట్టారు. దోమలు కిందనుంచి వచ్చి వాలాయి. వాటి పొట్టలు ఎర్రబడేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.

"ఇక నువ్వు చెయ్యాల్సిందేం లేదు. రోజూ వచ్చి పంచదార నీళ్ళలో దూది తడిపి పెట్టు," అన్నారు.

ఇంత చదువు చదివింది దూది తడపడానికా అని రత్నానికి ఒళ్ళు మండింది. అయినా తడిపింది. చేతికి పనిలేని ఆ పొద్దుల్లో తమ్ముడు గుర్తొచ్చాడు. ఇన్నాళ్ళూ వాడంటే ఆ జ్వరమే, ఆ మంచమే. ఇప్పుడు ఆ జ్వరానికి ముందున్న వాడు గుర్తొచ్చాడు. జారిపోయే లాగు ఎగదోసుకుంటూ తన బడి కిటికీ దగ్గరికి వచ్చి "అక్కా, ఇంకా అవ్వలేదా?" అని అడిగేవాడు. ఆ మాట ఇంకొక్కసారి వినాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయేది.

క్రిమి పండింది. దోమల్ని కొత్త ఎలుకల మీద వదిలారు. ఎలుకలకి జ్వరం వచ్చింది, వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఓ మూల ముడుచుకున్నాయి. చచ్చినవాటిని తీసేయాల్సి వస్తుందని రత్నం రోజూ చేతికి తొడుగులు వేసుకుని మరీ వచ్చేది.

ఒక పొద్దున బోను తీసేసరికి ఎలుకలన్నీ లేచి మేత కొరుక్కుంటున్నాయి. అదే క్రిమి. అవే అక్షరాలు.

మాస్టారు వచ్చి చూశారు.

"దోమలో ఏం జరిగింది దానికి?" అని అడిగింది రత్నం.

"తెలీదమ్మా. ఇంకో ప్రాణంలోంచి వెళ్ళొచ్చింది. నాకు తెలిసింది అంతవరకే."

ఆయన స్టూలు లాక్కుని బోను పక్కన కూర్చున్నారు. తనే అడిగారు.

"మీ తమ్ముడి పేరేంటి?"

వాడు పోయిన దగ్గర్నుంచి ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తరు. ఎత్తితే అమ్మ తట్టుకోలేదని భయం. రత్నం చేతి తొడుగులు విప్పి పక్కన పెట్టింది.

"దాలినాయుడండీ," అంది. "దాలీ అని పిలిచేదాన్ని."

మాస్టారు ఇంకో స్టూలు ఆమె వైపు జరిపారు.

"ఎలా ఉండేవాడు?" అన్నారు.