జామపండు మీద పడిన నింద

ఒకానొక కొండప్రాంతపు రాజ్యంలో రణమల్లుడనే రాజు ఉండేవాడు. ఆయనకు నూట ఎనిమిది బిరుదులు. రోజూ తెల్లవారగానే తలస్నానం చేసి, తడి జుట్టుతో, ఒంటికి గంధం పూసుకుని, మేడమీద నిలబడి ఆ బిరుదులన్నీ భట్రాజు చేత చదివించుకునేవాడు. భుజాన ఉత్తరీయం ఉండకూడదు, ఛాతీ నలుగురికీ కనపడాలి. చలికాలమైనా నియమం నియమమే.

మార్గశిరంలో ఒకనాడు ఆయన బిరుదులు వింటూ ఒక జామపండు తిన్నాడు. మధ్యాహ్నానికి గొంతు పట్టేసి, ముక్కు కారడం మొదలైంది.

రాజవైద్యుడు పేరయ శాస్త్రి నాడి చూశాడు. కారణం ఆయనకు తెలియకపోలేదు. కానీ బిరుదుల మాటెత్తితే ఉద్యోగం ఊడుతుందని కూడా తెలుసు.

"మహాప్రభూ! చలికాలంలో పండు విషంతో సమానం. తప్పంతా జామపండుదే" అన్నాడు.

"అయితే ఆ పండు కాసిన తోట నరికించండి!" అన్నాడు రాజు.

ఆ తోట నీలమ్మది. మొగుడు పోయాక కావిడితో నీళ్లు మోసి ఒంటిచేత్తో పెంచింది. వార్త వినగానే విదూషకుడు మల్లుభట్టు ఇంటికి పరుగెత్తుకొచ్చి బావురుమంది.

"గొడ్డళ్లు నూరుతున్నారు బాబూ! రేపే కొడతారంట. నా చెట్లేం పాపం చేశాయి?"

మల్లుభట్టుకు ఆమె మీద జాలి కలిగింది. పైగా ఆ జామపళ్లంటే అతనికి ప్రాణం. ఆ సంగతి దాచడమెందుకు? తిన్నగా కోటకు వెళ్లాడు.

"మహారాజా, ఇంత గొప్ప కారణం కనిపెట్టిన శాస్త్రులవారికి మామూలు సన్మానమా? రేపు తమకు జరిగే మర్యాదలతోనే ఆయనను మేడమీద నిలబెట్టి బిరుదులు చదివిద్దాం. తోట కొట్టడం ఆ తరువాత ఆయన చేతులమీదుగానే కానిద్దాం."

"సరే. నాకన్నా ఒకటి తక్కువ ఉండాలి" అన్నాడు రాజు.

శాస్త్రి ఉబ్బితబ్బిబ్బై, ఆ సాయంత్రమే నూట ఏడు బిరుదులు స్వయంగా రాసుకున్నాడు.

మర్నాడు మేడమీద పొగమంచు దట్టంగా ఉంది. రాజు లోపల కుంపటి పక్కన కంబళి కప్పుకుని కూర్చున్నాడు. తడి పిలకతో, ఉత్తరీయం లేకుండా శాస్త్రి ఠీవిగా నిలబడ్డాడు. ఒక్క అక్షరమూ మింగకుండా నిదానంగా చదవమని మల్లుభట్టు భట్రాజును ముందే బతిమాలి ఉన్నాడు.

ఇరవయ్యో బిరుదుకు శాస్త్రి పళ్లు టకటకలాడాయి. నలభయ్యో బిరుదుకు ముక్కు ఎర్రబడింది.

"త్రిదోష విజేతా!"

"హాచ్!"

"శ్లేష్మ సంహారకా!"

"హాచ్! హాచ్!"

రాజు లేచి వచ్చాడు. "శాస్త్రులుగారూ, జామపండు తిన్నారా?"

"లేదు ప్రభూ! నిన్నటినుంచి పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు."

"మరి ఈ జలుబేమిటి?"

మల్లుభట్టు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"ప్రభూ, తమరూ శాస్త్రులవారూ ఇద్దరూ పుచ్చుకున్నవి బిరుదులే. అవి బలమైన ఆహారం. చలికాలంలో పరగడుపున, తడి తలతో, అన్నేసి పుచ్చుకుంటే ఎవరికైనా పడిశం పడుతుంది. మధ్యాహ్నం భోంచేశాక, ఎండలో కూర్చుని, రెండో మూడో పుచ్చుకుంటే చాలు."

రాజు శాస్త్రివైపు తిరిగాడు.

"శాస్త్ర... హాచ్... సమ్మతమే ప్రభూ" అన్నాడు శాస్త్రి. "హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుంది. జామపండు కూడా మధ్యాహ్నం తింటే చక్కగా అరుగుతుంది. రాత్రిపూట, పాలతో కలిపి మాత్రం వద్దు."

రాజు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నీలమ్మ తోట జోలికి ఎవరూ వెళ్లకూడదని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు.

"భట్టూ, నీకూ ఒక మంచి బిరుదు ఇస్తాను, కోరుకో!"

"వేసవిలో పుచ్చుకుంటాను ప్రభూ" అన్నాడు మల్లుభట్టు. "ఇప్పటికి ఆ కంబళి ఇప్పించండి."