లెక్కలోకి రాని రోజా

సిలార్ బాషా మార్కాపురంలో బస్సు దిగేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. రంజాన్ నెల, రోజా ఉన్నాడు. తెల్లవారుజాము నుంచి నోట్లో చుక్క నీళ్ళు పడలేదు. అయినా అతన్ని పీడిస్తున్నది దాహం కాదు, సంచిలో ఉన్న ఒక నోటీసు. అందులో అన్నీ రాసి ఉన్నాయి, తేదీ తప్ప.

అతను హైదరాబాదులో షేర్ల మార్కెట్ మోసాలు విచారించే ఆఫీసులో అధికారి. నాలుగేళ్ళుగా ఒకే కంపెనీ వెంట పడ్డాడు. ఆ కంపెనీ తన పెద్దలకు జీతంతో పాటు ఒక హక్కు ఇచ్చేది. హక్కు ఇచ్చిన రోజున షేరు ధర ఎంత ఉందో, ఆ ధరకే తర్వాత ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ధర పెరిగితే వాళ్ళ అదృష్టం. అంతవరకు తప్పు లేదు.

కానీ ఆ పెద్దలు అదృష్టం కోసం ఆగే రకం కాదు. గడిచిన నెలలన్నీ తిరగేసి, ధర అట్టడుగున ఉన్న రోజు చూసుకుని, హక్కు ఆ రోజే ఇచ్చినట్టు కాగితాలు పుట్టించారు. బండలాగుడు పందెం ముగిశాక, గెలిచిన ఎద్దుల మీద నేను ముందే కాశానని చెప్పి డబ్బు పట్టుకుపోవడం లాంటిది ఇది. పట్టుకుపోయింది మామూలు వాటాదారుల సొమ్ము.

ఆ వాటాదారుల్లో పురుషోత్తం గారని ఒక రిటైరైన లెక్చరరు ఉన్నాడు. ఉద్యోగం చివర చేతికొచ్చిందంతా ఆ షేర్లలో పెట్టాడు. గుట్టు రట్టయి ధర కూలాక, వారం వారం సిలార్‌కు ఫోన్ చేసి "ఏమైందండీ?" అని అడిగేవాడు. ఈమధ్య అదీ అడగడం లేదు. ఆరోగ్యం ఎలా ఉందని పలకరించి పెట్టేస్తున్నాడు. సిలార్‌కు అదే ఎక్కువ బాధగా ఉంది.

ఇంత చేసీ, కంపెనీకి నోటీసు గడువులోగా వెళ్ళలేదు. ఫైలు ఆఫీసులో పై అధికారుల బల్లల మీద హాయిగా నిద్రపోయి, గడువు దాటాక సంతకం కోసం సిలార్ దగ్గరికి వచ్చింది.

"పోయిన వారం తేదీ వేసెయ్. తపాలా వాళ్ళతో నేను మాట్లాడతాను," అన్నాడు అతని పై అధికారి చంద్రమౌళి. "లేకపోతే నాలుగేళ్ళ కష్టం గంగలో కలుస్తుంది. దొంగల్ని వదిలేస్తామా ఏంటయ్యా?"

చంద్రమౌళి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే సిలార్‌కు ఇంత చిక్కు ఉండేది కాదు.

ఎటూ తేల్చుకోలేక గురువు దగ్గరికి బయల్దేరాడు. కాలేషా హజ్రత్ ఒకప్పుడు ఇక్కడి గనుల్లో పలకరాయి కోసిన మనిషి. ఇప్పుడు ఎనభై దాటింది. ఊరి చివర దర్గా పక్కన రెండు గదుల ఇంట్లో ఉంటాడు. కాలేజీ రోజుల నుంచీ సిలార్‌కు ఏం తోచకపోయినా ఆ ఇంటికే వస్తాడు.

ముసలాయన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. పెదాలు పగిలి ఉన్నాయి. సిలార్ చెప్పిందంతా కళ్ళు తెరవకుండానే విన్నాడు.

"నిజం తేదీ వేస్తే వాళ్ళు దర్జాగా బయటపడతారు హజ్రత్. పురుషోత్తం గారికి పైసా రాదు," అన్నాడు సిలార్.

"పాత తేదీ వేస్తే?"

"నేను వాళ్ళని పట్టుకుందే దానికి కదా."

"బాగా అలిసిపోయినట్టున్నావబ్బాయ్."

"చాలా అలిసిపోయాను హజ్రత్."

"ఇఫ్తార్ వేళవుతోంది. ఆ పుచ్చకాయ ఇటు తెచ్చి కొయ్యి."

సిలార్‌కు ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చింది పుచ్చకాయ కొయ్యడానికా? అయినా కోశాడు. గురువు ముందు ఎదురు చెప్పడం అతనికి ఏనాడూ అలవాటు లేదు.

మసీదులో అజాన్ వినిపించింది. ఇద్దరూ ఖర్జూరం నోట్లో వేసుకున్నారు. నీళ్ళ గ్లాసు అందుకునేటప్పుడు ముసలాయన చెయ్యి వణికి, సగం నీళ్ళు గడ్డం మీద ఒలికాయి. సిలార్ లేచి గ్లాసు పట్టి తాగించాడు. నమాజు చేసుకుని వచ్చాక గంజి పోసి ముందు పెట్టాడు.

"ఈ ఎండల్లో, ఈ వయసులో ఎందుకు హజ్రత్? సరే, ఎలాగో ఇవాళ్టి రోజా గట్టెక్కింది."

"ఇవాళ నాకు రోజా లేదబ్బాయ్."

సిలార్‌కు అర్థం కాలేదు.

"పొద్దున మత్తుగా నిద్ర పట్టేసింది," అన్నాడు ముసలాయన. "తెల్లవారకముందు తినే సహరీకి ఇంకా టైముందనుకుని లేచి నీళ్ళు తాగాను. గ్లాసు కింద పెడుతుంటే మసీదులో నమాజు చదువుతున్నారు. అజాన్ నా నిద్రలోనే అయిపోయింది. వేళ దాటాక తాగితే ఆ రోజా చెల్లదు."

"మరి పొద్దున్నే తెలిసిపోయిందిగా. పగలంతా ఎందుకు మాడారు?"

"రంజాన్ కదా. ఉండాలి."

"లెక్కలోకి రాకపోయినా?"

"రాకపోయినా. పండగయ్యాక దీని బదులు ఇంకోటి ఉంటాను."

సిలార్‌కు జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆ వణికే చెయ్యి ఇంకా అతని కళ్ళ ముందే ఉంది.

"ఎంత ఆలస్యమైంది హజ్రత్? పది నిమిషాలా? తాగింది గ్లాసుడు నీళ్ళు. వేళలోపే తాగాననుకుంటే సరిపోయేదిగా. ఎవరు చూశారు? దానివల్ల ఎవరికి నష్టం..."

మాట సగంలో ఆగిపోయింది. ఇది అతను ఎక్కడో విన్న మాటే. విచారణ గదిలో, కంపెనీ వకీలు నోట.

ముసలాయన గిన్నె అతని వైపు జరిపాడు. గంజి చల్లారిపోతోందని సైగ చేశాడు.

ఇద్దరూ గంజి తాగుతున్నారు. సిలార్ గంజిలో చెంచా తిప్పుతూ చివరికి అడిగాడు.

"ఇంకొకటి ఉండే ఓపిక ఉందా హజ్రత్ మీకు?"

"లేదు," అన్నాడు ముసలాయన. "ఉంటాను."

సిలార్ గిన్నెలు కడిగి బోర్లించి, సంచిలోంచి నోటీసూ ఫోనూ తీసుకుని అరుగు మీదికి వెళ్ళాడు.

"సార్, నోటీసు మీద ఇవాళ్టి తేదీ వేస్తున్నాను."

 "కేసు పోతుందయ్యా," అన్నాడు చంద్రమౌళి.

"పోతుంది సార్. గడువు దాటించింది మన ఆఫీసేనని ఫైల్లో రాస్తాను. గుట్టు రట్టయిన మరుసటి ఏడాది కూడా వాళ్ళు ఇదే పని చేశారు. అది చిన్నదే, కానీ దానికింకా గడువుంది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాను."

"ఆ లెక్చరరు ధర కూలినప్పుడే షేర్లు అమ్మేసుకున్నాడు కదా. ఈ కొత్త కేసులో ఆయనకేం వస్తుంది?"

"ఏమీ రాదు సార్," అన్నాడు సిలార్. ఫోన్ పెట్టేసి, గోడకు నోటీసు ఆనించి తేదీ వేశాడు. గుండెలో భారం దిగలేదు. దిగుతుందని ఎందుకు అనుకున్నాడో అతనికే తెలియదు.

లోపలికి వచ్చేసరికి ముసలాయన చాప మీద పడుకుని ఉన్నాడు. సిలార్ కాళ్ళ దగ్గర కూర్చుని మెల్లగా పాదాలు ఒత్తాడు.

"హజ్రత్, పురుషోత్తం గారికి ఏమని చెప్పను?"

ముసలాయన కళ్ళు తెరవలేదు.

"ఆలస్యం చేశామని చెప్పు."