రెండుసార్లు వంగే గొడుగు

ఒక దొరకి నాలుగు వందల ఎకరాల పొలం, నీళ్లు లేని రెండు చెరువులు, ఒక తెల్ల పట్టుగొడుగు ఉండేవి. రోజూ పొద్దున ఆ గొడుగు గట్ల మీద తిరగాలన్నది తాతలనాటి ఆచారం. దూరం నుంచి అది కనిపిస్తేనే రైతులు దుక్కికి దిగేవారు. లేకపోతే దివాణం పని అయిపోయిందనుకుని ఎవరి దారి వారు చూసుకునేవారే. పైన పటారం, లోన లొటారం. అయినా గొడుగు తిరిగేది.

గాదెల కాపరి కూతురు మిద్దె కిటికీలోంచి దాన్ని చూస్తుండేది. పైనుంచి చూస్తే గొడుగే తప్ప మనిషి కనిపించడు. ఒకరోజు ఆమె జడలోంచి ఒక సన్నజాజి జారి గొడుగు మీద పడింది. గొడుగు ఆగి, మెల్లగా రెండుసార్లు వంగింది. మర్నాడు ఆమె కావాలనే వేసింది. మళ్లీ వంగింది. అలా ఏడాది గడిచింది. దొర తనకి వంగుతున్నాడని ఆ పిచ్చిపిల్ల లోలోపల మురిసిపోయింది.

అప్పుడే గొడుగు పట్టేవాడు తలపాగా చేత్తో పట్టుకుని వచ్చి, పిల్లనిమ్మని ఆమె తండ్రిని అడిగాడు.

"గొడుగు కింద నడిచేవారుండగా, గొడుగు పట్టేవాడు నాకెందుకు నాన్నా?" అంది, అతనికి వినపడేలాగే.

అతను తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. "మంచిదమ్మా" అని వెళ్లిపోయాడు.

దొరకి తనతో తూగే ఇళ్లవాళ్లు పిల్లనివ్వడం మానేసి చాన్నాళ్లయింది. దివాణం గాదెలు ఎండినా కాపరి ఇంటి గాదె మాత్రం నిండుగా ఉండేది, ఎలాగని అడక్కూడదు. కాపరి వెళ్లి సంబంధం అడిగితే, ఆ ధాన్యం చూసి దొర ఒప్పుకున్నాడు. పెళ్లయిపోయింది.

మర్నాడు బారెడు పొద్దెక్కినా దొర లేవలేదు. గొడుగు వేళయిందని ఆమె లేపింది.

"నేనెప్పుడు వెళ్లాను?" అన్నాడు దొర దుప్పట్లోంచి. "గొడుగు తిరిగితే చాలు. కింద ఎవడుంటే ఏం?"

గొడుగు పట్టేవాడు పెళ్లి మేళం మోగుతుండగానే ఊరు విడిచి వెళ్లాడట. ఆమె గోడకి ఆనించిన గొడుగు విప్పింది. ఊచల మధ్య దాచిన ఎండు జాజులు జలజలా రాలాయి. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. చేతులు కాలాక ఆకులెందుకు?

గొడుగు ఆగితే నాగళ్లు ఆగుతాయి. అందుకని ఆ రోజు నుంచి దాన్ని ఆమే మోసింది. జుట్టు నెరిసేదాకా మోసింది.

ఒక పొద్దున, తన పుట్టింటి కిటికీ కింద నుంచి వెళుతుంటే గొడుగు మీద ఏదో మెత్తగా పడింది. ఆ ఇంట్లోకి కొత్త కాపరి వచ్చాడు, అతనికో కూతురుంది. గొడుగు మోస్తున్న ఆమె చెయ్యి దానంతటదే దాన్ని వంచబోయింది. ఒకసారి వంచింది కూడా.

రెండోసారి వంచలేదు. గొడుగు ముడిచి ఎండలో నిలబడి, తలెత్తింది.

"చూడమ్మా," అంది. "సరిగా చూడు."

పొలంలో నాగళ్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆమె మళ్లీ గొడుగు విప్పలేదు.