ముసురులో కుండ

ఫణీంద్రకి వచ్చిన చిక్కల్లా ఒక్కటే. కుండ చల్లబడటం మానేసింది.

ఓస్, ఇంతేనా అనకండి. ఆ కుండే అతని పరువు. పల్నాడులో ఒక చిన్న ఊళ్ళో, ఒకప్పుడు పొగాకు బేళ్ళు నింపిన గోడౌన్లో, ఓ మ్యూజియం ఉంది. రిటైరైన సైన్సు మాస్టారు మస్తాన్ వలీగారు పెట్టింది. బావులు తవ్వినప్పుడూ పొలాలు దున్నినప్పుడూ బయటపడ్డ పాత కుండలు, కొడవళ్ళు, పూసలు రైతులు తెచ్చిస్తే, పై అధికారులకి చూపించి, అనుమతి తీసుకుని అద్దాల పెట్టెల్లో సర్దారు. ఫణీంద్ర ఫిజిక్సులో డిగ్రీ చేసి, ఆయన దగ్గర పని నేర్చుకుందామని రెండేళ్ళ కిందట చేరాడు. జీతం అంతంతమాత్రం. అయినా మాస్టారు మెచ్చుకుంటూ ఒక్క మాటంటే వారం రోజులు హాయిగా బతికేసేవాడు.

ఆ మ్యూజియానికి ఒక పద్ధతుంది. ప్రతి పెట్టె పక్కనా ఒక బల్ల ఉంటుంది. పెట్టెలో ఉన్న వస్తువు ఏం పని చేసేదో ఆ బల్ల మీద చేసి చూపిస్తారు. చూసినవాళ్ళకి ఒక చీటీ ఇస్తారు. ఇంటికెళ్ళి అదే పని సొంతంగా చేసి, ఏమైందో చీటీ మీద రాసి, తెచ్చి గోడకి గుచ్చాలి. అయితే అయిందని, కాకపోతే కాలేదని. మాస్టారికి పెట్టెల కంటే ఆ గోడంటేనే ప్రాణం. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని దాని ముందు నిలబడి, పేపరు చదివినట్టు చదివేవారు.

నీళ్ళకుండ బల్ల ఫణీంద్రది. పెట్టెలో ఉన్నది వందల ఏళ్ళ నాటి కుండ, మెడ దగ్గర కాస్త విరిగింది. బల్ల మీద అచ్చం అలాంటిదే కొత్త కుండ, పక్కన స్టీలు బిందె. పొద్దున రెండింట్లోనూ ఒకే బావి నీళ్ళు పోసి, పదకొండింటికి రెండింట్లోనూ థర్మామీటర్లు ముంచేవాడు. మే నెలలో బిందె ముప్ఫయ్యారు చూపిస్తే కుండ ఇరవయ్యారు చూపించేది.

"కుండ నిండా కంటికి కనపడని సందులు. వాటిల్లోంచి నీళ్ళు ఊరి, ఆవిరైపోతుంటాయి. పోతూ పోతూ వేడిని వెంటబెట్టుకుపోతాయి. మన తాత ముత్తాతల ఫ్రిజ్జు ఇదేనండీ!" అని ఫణీంద్ర చెయ్యి తిప్పుతూ చెబుతుంటే జనం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. తలా ఒక గ్లాసు తాగి, చప్పట్లు కొట్టి వెళ్ళేవాళ్ళు.

అట్లాంటిది, జూలై వచ్చింది. ముసురు పట్టుకుంది. కాలేజీ పిల్లలు నలభై మంది బస్సు దిగిన రోజునే బిందె ఇరవయ్యెనిమిది, కుండ ఇరవయ్యేడు చూపించాయి. వెనకనుంచి ఎవడో "సార్, ఫ్రిజ్జుకి కరెంటు పోయిందా?" అన్నాడు. నలభై మందీ గొల్లుమన్నారు. ఫణీంద్రకి తల తీసేసినట్టయింది.

ఎందుకు చల్లబడలేదో తెలియనివాడేం కాదు. గాలి నిండా తేమ ఉంటే నీళ్ళు ఆవిరి కావు, ఆవిరి కాకపోతే చల్లబడవు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే. కానీ ఆ నవ్వుల మధ్య ఆ మాట చెబితే వంక వెతుక్కున్నట్టు ఉంటుందనిపించి నోరు మూసుకున్నాడు.

మర్నాడు స్టీలు ఫ్లాస్కులో ఇంటినుంచి ఐసు తెచ్చాడు. మాస్టారు రాకముందే కుండలో గుమ్మరించేశాడు. పదకొండింటికి ఐసు జాడ లేదు. థర్మామీటరు మాత్రం పంతొమ్మిది దగ్గర నిలబడింది. చప్పట్లే చప్పట్లు. ఆ వేళకి మాస్టారు లోపలెక్కడో తిరగలి బల్ల దగ్గర పిల్లల చేత జొన్నలు విసిరిస్తున్నారు.

పాపం, ఫణీంద్ర చెడ్డవాడేం కాదు. 'నేను చెప్పే సంగతి నిజమే కదా. ఒక్క అంకె దగ్గర జనం సైన్సునే నమ్మకుండా పోతే ఎట్లా?' అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. మనకి మనం నచ్చజెప్పుకోవడమంత తేలికైన పని లోకంలో ఇంకోటి ఉందా? రెండో రోజు ఆ పాటి శ్రమ కూడా అక్కర్లేకపోయింది.

గేటు పక్కన చింతపండు బస్తాల కొట్టు చూరు కింద అంకమ్మ కుండలమ్ముతుంది. బల్ల మీది కుండ ఆవిడ ఇచ్చిందే. మొగుడు సారె మీద మెడ వరకూ తిప్పి ఇస్తే, కడుపు భాగం లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి గుండ్రంగా తెచ్చేది ఆవిడే. ఫణీంద్ర మాటలు విన్నవాళ్ళు తిన్నగా ఆవిడ దగ్గరికే వెళ్ళి కుండ కొనుక్కునేవాళ్ళు. చీటీలో చెప్పినట్టు ఇంట్లో చేసి చూడాలి కదా.

వారం తిరిగేసరికి కుండలు వెనక్కి రావడం మొదలైంది.

"మ్యూజియంలో నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమన్నాయి. నీ కుండలో పోస్తే పోసినట్టే ఉన్నాయి. ఏం కుండమ్మా ఇది?"

"ఒకటే మట్టి బాబూ, ఒకటే చెయ్యి" అనేది అంకమ్మ మొదట్లో. రానురానూ అది కూడా అనడం మానేసి, తెచ్చిన కుండ తెచ్చినట్టు తీసుకుని పక్కన పెట్టేసేది.

గోడ మీద చీటీలు పెరిగాయి. 'కాలేదు.' 'కాలేదు.' ముసురు కదా, ఎట్లా అవుతుందిలే అనుకుంటూ మాస్టారు టీ తాగుతూ చదివేవారు. ఒక రోజు ఒక చీటీ దగ్గర ఆగిపోయారు. 'మూడు రోజులు చేశాం. మ్యూజియంలో అయింది, మా ఇంట్లో కాలేదు. మా కుండ మంచిది కాదు' అని ఉంది. దాన్ని రెండుసార్లు చదివారు. టీ చల్లారిపోయింది.

ఆ మధ్యాహ్నమే అంకమ్మ లోపలికి వచ్చింది. రెండేళ్ళలో గడప దాటి లోపలికి రావడం అదే మొదటిసారి. కొంగు భుజం చుట్టూ కప్పుకుని కుండ బల్ల దగ్గర నిలబడింది.

"బాబూ, చదువుకున్నోడివి, నువ్వే చెప్పాల. ముసురులో కుండ చల్లబడదు, అది మా అమ్మ కాలం నించీ ఎరుగుదును. కానీ నీ బల్ల మీద ఉండే నా కుండ చల్లబడతందంట గదా. మరి ఇప్పుడు కాల్చినయ్యి ఎందుకు చల్లబడట్లా? మట్టి మారిందా, నా చెయ్యి మారిందా? ఇసక పాలు పెంచి చూశా. ఊక కలిపి చూశా. కాల్చి ఆవం దించితే సగం కుండలు పగిలినయ్యి."

ఫణీంద్ర థర్మామీటరు తుడవడం మొదలుపెట్టాడు. "చూద్దాం పెద్దమ్మా" అన్నాడు ఎట్లాగో.

"ఇక చాల్లే, సారె తీసి పక్కన పెడదాం అంటన్నాడు మా ఆయన" అంది అంకమ్మ. అని, బల్ల మీది కుండని ఒకసారి అరచేత్తో తడిమింది. చల్లగా తగిలింది కాబోలు, గభాల్న చెయ్యి తీసేసుకుని వెళ్ళిపోయింది.

మాస్టారు పక్క పెట్టె అద్దం తుడుస్తున్నారు. తుడవడం ఆపి, బల్ల దగ్గరికొచ్చి, కుండలోంచి ఒక గ్లాసు ముంచుకుని నిలబడే తాగారు. గ్లాసు బోర్లించి, మళ్ళీ అద్దం తుడుచుకుంటూ ఉండిపోయారు.

మర్నాడు ఫణీంద్ర ఫ్లాస్కు పట్టుకుని వచ్చేసరికి మాస్టారు అప్పటికే వచ్చి ఉన్నారు. బల్ల మీద బిందె ఉంది, కుండ ఉంది, ఆ కుండ పక్కన ఇంకో కుండ ఉంది. మూడింట్లోనూ నీళ్ళు నిండుగా ఉన్నాయి.

"ఇదేంటి మాస్టారూ?"

"మొన్నెవరో అంకమ్మకి తిరిగిచ్చేసిన కుండ. ఇవాళ దీన్నీ కలిపి చూపించు. ఆవిణ్ణి కూడా రమ్మన్నా."

అని, తను కూర్చునే కుర్చీ తెచ్చి బల్లకి ఎదురుగా వేసి, మూడో థర్మామీటరు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. ఫ్లాస్కు వైపు చూడనైనా లేదు.

ఫణీంద్ర ఆ ఖాళీ కుర్చీ వంక చూస్తూ నిలబడ్డాడు. ఐసు ఒక్క కుండలోనే వేస్తే అంకమ్మ కుండ అంకమ్మ కళ్ళెదురుగానే పనికిరానిదైపోతుంది. రెండింట్లోనూ వేస్తే ఆవిడ ఇవాళ నవ్వుకుంటూ ఇంటికెళ్తుంది, రేపు మళ్ళీ ఎవడో ఒకడు కుండ తెచ్చి ఆవిడ ముందు పడేస్తాడు. వెయ్యకపోతే మూడు వారాల పరువు గంగలో కలుస్తుంది. ఫ్లాస్కు మూత తీశాడు. పెట్టాడు. మళ్ళీ తీశాడు. అట్లా పదకొండయింది.

ఆ రోజు డ్వాక్రా మహిళలు పాతికమంది దాకా వచ్చారు. అంకమ్మ కుర్చీ అంచున కూర్చుంది. గోళ్ళ సందుల్లో ఇంకా మట్టి ఉంది. వస్తూ వస్తూ కడుక్కుంది గానీ పోలేదు. కళ్ళు రెండో కుండ మీదే ఉన్నాయి.

ఫణీంద్ర థర్మామీటర్లు ముంచాడు. కాసేపాగి తీసి, ఒక్కొక్కటే చదివాడు.

"బిందె ఇరవయ్యెనిమిది. రోజూ చూపించే కుండ ఇరవయ్యేడు. ఈ కుండ... ఇరవయ్యేడు."

అందరూ మొహమొహాలు చూసుకున్నారు. ముందు నిలబడ్డావిడ "అదేంటండీ, పోయిన వారం మా చెల్లెలొచ్చినప్పుడు పంతొమ్మిది అన్నారంటగా?" అంది.

తప్పించుకోవాలంటే దారులు లేకపోలేదు. థర్మామీటరు పాడైందనొచ్చు. నీళ్ళు ఇప్పుడే పోశామనొచ్చు. ఫణీంద్ర ఫ్లాస్కు తీసి బల్ల మీద బోర్లించాడు. ఐసు ముక్కలు గలగలమని దొర్లి, రెండు కిందపడ్డాయి.

"పోయిన వారం ఇది వేశానండీ. మూడు వారాల నించీ రోజూ వేస్తున్నాను" అన్నాడు. చెవులు ఎర్రబడిపోయాయి. అక్కడితో ఆగలేదు, కుర్చీ వైపు తిరిగాడు. "పెద్దమ్మా, నీ మట్టి మారలేదు. నీ చెయ్యీ మారలేదు. తప్పంతా నాది."

అంకమ్మ లేచింది. ఒక ఐసు ముక్క చేతిలోకి తీసుకుంది. రోజూ బల్ల మీద ఉండే కుండని తడిమింది, తిరిగొచ్చిన కుండని తడిమింది, మళ్ళీ మొదటిదాన్ని తడిమింది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

"అంటే నా కుండ బానే ఉందా?"

"మొదట్నించీ బానే ఉంది పెద్దమ్మా."

"మూడు వారాలయ్యా!" అంది అంకమ్మ. "మూడు వారాల నించీ నా చేతుల్ని నేనే తిట్టుకుంటన్నా కదయ్యా! అన్నం కలుపుకుంటా వాటి వంక చూస్తే ఏడుపొచ్చేది. నీకేం పోయే కాలమయ్యా?"

ఫణీంద్ర తలొంచుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. అంకమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఐసు ముక్క బల్ల మీద పడేసి, ఆడవాళ్ళ వైపు తిరిగింది.

"మీరు చెప్పండమ్మా. మీ ఇళ్ళల్లో దండెం మీద చీరలు ఆరతన్నయ్యా?"

"ఎక్కడ! మూడు రోజులయింది, ఇంకా ముక్క వాసనే" అంది ఒకావిడ.

"చీర ఆరనప్పుడు కుండెట్టా ఆరుద్ది? అది ఆరతా ఉంటేనే గదా చల్లబడేది!"

"అమ్మో, నిజమే" అన్నారు ఇద్దరు ముగ్గురు. ముందు నిలబడ్డావిడ ఊరుకోలేదు. "చీరల్ని ఫ్యాను కింద ఆరేస్తున్నాం కదా, కుండని కూడా ఫ్యాను కింద పెడితే?" అంది.

ఆ ప్రశ్న రెండేళ్ళలో ఫణీంద్రని ఎవరూ అడగలేదు. అతను జవాబు చెప్పేలోగానే వాళ్ళు స్టూలు లాగేశారు, ఇద్దరు పట్టుకుని ఒక కుండని దాని మీదికెక్కించారు, ఒకావిడ స్విచ్చి నొక్కింది. రెండో కుండని కదలనివ్వకండి, పోల్చి చూసుకోవద్దూ అని ఇంకొకావిడ కసిరింది. చెంగు తడిపి కుండకి చుడితే ఇంకా చల్లబడుతుందని ఒకరు, అది వేరే పరీక్ష, రేపు చేద్దామని మరొకరు. అంకమ్మ మధ్యలో నిలబడి అందరికీ జవాబులు చెబుతోంది. గంట తర్వాత ఫ్యాను కింది కుండ ఒక డిగ్రీ దిగితే, పాతికమందీ తలలు దూర్చి ఆ ఒక్క గీతనీ చూశారు.

చప్పట్లు కొట్టడం ఎవరికీ గుర్తు రాలేదు.

అందరూ వెళ్ళాక ఫణీంద్ర బల్ల తుడిచి మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన తిరగలి దగ్గర రాలిన జొన్నలు ఏరుతున్నారు. ఫణీంద్ర కూడా కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు. కాసేపటికి అడిగాడు.

"నిన్న నీళ్ళు తాగినప్పుడే మీకు తెలిసిపోయింది కదా. అప్పుడే నన్ను అడగాల్సింది మాస్టారూ."

"అడిగితే నాకొక్కడికే చెప్పేవాడివి" అన్నారు మాస్టారు.

ఫణీంద్ర చేతిలో జొన్నలు చేతిలోనే ఉండిపోయాయి. బయట మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. గేటు దగ్గర అంకమ్మ ఎవరినో కేకేసి, కుండల మీద పట్టా సరిగ్గా లాగమంటోంది.

"ఇంకో వారం దాకా ముసురేనంటున్నారు" అన్నాడు ఫణీంద్ర. "కుండ చల్లబడదు. ఆ బల్ల అంతవరకూ తీసేద్దామా మాస్టారూ?"

మాస్టారు ఏరిన జొన్నలు డబ్బాలో పోసి మూత పెట్టారు.

"చల్లబడదుగా" అన్నారు. "రేపు తప్పకుండా పెట్టు."