ముళ్ళక్క తోక చప్పుడు

బూరుగుకోన అనే అడవిలో ఎలుగుబంట్లు, కుందేళ్ళు, నెమళ్ళు, పునుగుపిల్లులు, ముళ్ళపందులు, ఇంకా చిన్నాచితకా ప్రాణులెన్నో కలిసి బతికేవి.

కలిసి బతకాలంటే కలిసి మాట్లాడుకోవాలి కదా. అందుకని ఎనిమిది రోజులకొకసారి, పొద్దు వాలే వేళకు, అడవి మధ్యనున్న పరుపుబండ మీద సభ జరిగేది. ఏ దారిలో చెట్టు కూలింది, ఎవరి బొరియ ముందు చెత్త పేరుకుంది, ఎవరి పిల్లలు ఎవరి గూటి కింద అల్లరి చేస్తున్నారు, ఇవీ అక్కడి సంగతులు. సభకు పెద్ద ఒక ముసలి ఎలుగుబంటి. అందరూ ఆయన్ని పెద్దయ్యా అని పిలిచేవారు. సంగతులు చదివేది పునుగుపిల్లి. అతని పేరు పునుగయ్య. టేకాకు మీద గోటితో గీసుకొచ్చి, తీయని గొంతుతో చదివేవాడు.

ఆ సభకు రెండు కట్టుబాట్లు ఉండేవి. సంగతి చదివాక, ఒప్పుకున్నవాళ్ళు తోకతో చప్పుడు చెయ్యాలి. అయిదు తోకలు చప్పుడు చేస్తే ఆ సంగతి తేలిపోయినట్టే. కుందేలులాంటి పొట్టితోక వాళ్ళు పాపం వెనక్కి తిరిగి బండకేసి కొట్టుకునేవారు. ఇది మొదటి కట్టుబాటు. ఒకసారి తేలిపోయిన సంగతిని మళ్ళీ ఎత్తాలంటే, ఆ అయిదుగురిలో ఒకరే ఎత్తాలి. ఇది రెండోది. దీన్ని వాడినవాళ్ళు లేక చాలామంది మరిచిపోయారు.

అడవి పల్లపు వైపున్న కింది బొరియల్లో ముళ్ళక్క అనే ముళ్ళపంది ఉండేది. ఇద్దరు పిల్లల తల్లి. కష్టజీవి. ఒకటే లోపం, ఆమెకు అందరిమీదా అనుమానమే.

పెద్దయ్య ఆవులిస్తే, "ఏదో చెప్పబోయి మింగేశాడు" అనుకునేది. నెమలి పురి విప్పితే, "దాని వెనకాల ఎవరిని దాస్తోందో" అనుకునేది. పునుగయ్య ఒంటి నుంచి మంచి వాసన వస్తే, "ఏ కంపును కప్పడానికో" అనుకునేది. పిల్లలూ, ఈ చివరిది మాత్రం మరీ తప్పేం కాదు. ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

ముళ్ళపంది తోక కొసన బోలు ముళ్ళుంటాయి. ఊపితే ఎండుకాయల్లా గలగలమంటాయి. అనుమానం వచ్చినప్పుడల్లా ముళ్ళక్క తోక గలగలమనేది. సభలో చదివిన ప్రతి సంగతికీ గలగలమనేది. అయినా ఏ పనీ ఆగేది కాదు.

"ఇంత గట్టిగా కాదంటున్నా చేసేస్తున్నారంటే, వీళ్ళంతా ఒకటే" అని ఆమె ఇంకాస్త అనుమానపడేది.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. వాగు ఎండింది. వాగు ఇసకలో తవ్విన ఒక్క చెలమలోనే నీళ్ళు మిగిలాయి. కింది బొరియల నుంచి ఆ చెలమకు దగ్గరి దారి ఈతవనం మీదుగా పోతుంది. దారిపొడవునా పండిన ఈతపండ్లు రాలి ఉంటాయి. ముళ్ళక్క పిల్లలు తింటూ పోయి, నీళ్ళు తాగి, తింటూ తిరిగొచ్చేవారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎక్కడినుంచో ఒక ఉడుము బూరుగుకోనకు వచ్చాడు. కింది బొరియల్లో ఖాళీగా ఉన్న బొరియ ఒకటి తనకిమ్మని సభలో అడిగాడు.

ముళ్ళక్క వాణ్ణి తేరిపార చూసింది. చీలిన నాలుక. మాటిమాటికీ బయటపెట్టి లోపలికి లాక్కుంటున్నాడు.

"రెండు నాలుకలవాడు రెండు మాటలే చెప్తాడు" అంది పక్కనున్న కుందేలుతో.

"నాలుక ఒకటేలే వదినా, కొస చీలింది, అంతే" అంది కుందేలు.

"నువ్వూ వాడి తరఫేనా?"

కుందేలు అవతలికి జరిగి కూర్చుంది.

ఉడుము సంగతి మీద వాదం మొదలైంది. వాడెవరు, ఏ అడవి, అక్కడ ఎందుకు ఉండలేకపోయాడు? పునుగయ్య మధ్యమధ్యలో, "అడగండి, అడగండి, తొందరేముంది?" అంటూ వాదాన్ని ఇంకా సాగదీశాడు. చివరికి ఆ సంగతి వచ్చే సభకు వాయిదా పడింది.

అప్పటికి పొద్దు కొండ అంచుకు చేరింది. పగలు తిరిగేవాళ్ళకు గూటికి పోయే తొందర. రాత్రి తిరిగేవాళ్ళకు ఇంకా వదలని నిద్రమత్తు. పెద్దయ్య కునికిపాట్లు పడుతున్నాడు. సగం మంది అప్పటికే లేచి వెళ్ళిపోయారు.

"ఇక మిగిలినవి మామూలు పనులేనండీ" అన్నాడు పునుగయ్య. "నెమలిదిబ్బ దగ్గర ఆకులు ఊడ్చాలి, ఎప్పటిలాగే. చెలమలో పూడిక తియ్యాలి, ఎప్పటిలాగే. ఎవరూ నడవని దారులకు అడ్డంగా కంప కొట్టాలి, ఎప్పటిలాగే. పాతబావి దారి, ఎండుమోడు దారి, ఈతవనం దారి. సరేనా?"

తోకలు టపటపలాడాయి. ముళ్ళక్క చెవులు అటు లేనే లేవు. ఉడుము ఎటు పోతున్నాడో చూస్తోంది. ఆమె తోక మాత్రం అలవాటుకొద్దీ గలగలమంది.

మర్నాడు సాయంత్రం పిల్లలతో నీళ్ళకు బయల్దేరిన ముళ్ళక్క ఈతవనం మొదట్లోనే ఆగిపోయింది. దారికి అడ్డంగా నిలువెత్తు తుమ్మకంప. కంప కొట్టిన దారిలో ఎవరూ అడుగు పెట్టకూడదని ఆ అడవిలో నియమం.

"అమ్మా, దాహం" అన్నాడు చిన్నవాడు.

ఇక మిగిలింది పులిగుట్ట చుట్టూ తిరిగి పోయే దారి. ఆ గుట్ట మీద చిరుతపులి ఉంటుంది. ముళ్ళక్కకు భయం లేదు, ఆమె ముళ్ళు చూసి చిరుత దూరంగానే ఉంటుంది. పిల్లల ముళ్ళు మాత్రం ఇంకా గడ్డిపోచల్లా మెత్తగా ఉన్నాయి. ఇద్దర్నీ పొట్టకింద పెట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ తీసుకెళ్ళింది. నాలుగో రోజు గుట్ట మలుపులో చిరుత కళ్ళు కనబడ్డాయి. ముళ్ళక్క ముళ్ళన్నీ నిక్కబొడిచి నిలబడింది. చిరుత చాలాసేపు చూసి చూసి వెళ్ళిపోయింది.

"ఇవాళ పోయింది. రేపు పోతుందా?" అనుకుంది ఆమె.

ఆ భయం కోపంగా మారింది. నేరుగా ఉడుము ఉంటున్న రాతి సందు దగ్గరికి పోయింది.

"బయటికి రారా! నువ్వొచ్చావు, మా దారి పోయింది. ఎవరు చెప్తే చేశావు?"

ఉడుము తల బయటపెట్టాడు. "నాకే ఉండటానికి చోటు లేదు తల్లీ. నేను ఎవరి దారి మూస్తాను? అది సభలో తేలిన సంగతి. నువ్వూ ఒప్పుకున్నావు కదా!"

"నేనా?"

"నీదే అయిదో తోక. నా సంగతి ఏమవుతుందోనన్న భయంతో చివరిదాకా కదలకుండా విన్నాను. నాలుగు తోకలు బండ మీద కొట్టుకున్నాయి. అయిదోది గలగలమంది."

"అది ఒప్పుకోవడం కాదు! అనుమానం!"

"ఆ సంగతి నీ తోకకు తెలుసు. సభకెలా తెలుస్తుంది? నోటితో చెప్పావా ఎప్పుడైనా?"

ముళ్ళక్కకు ఇన్నాళ్ళూ సభలో మోగించిన మోతలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఒకసారి పెద్దయ్య "నీలాంటి మంచిది లేదమ్మా, దేనికీ కాదనవు" అన్నాడు. అప్పుడది ఎగతాళి అనుకుని మూడు రోజులు కుమిలిపోయింది.

అయినా పూర్తిగా నమ్మలేక పునుగయ్య దగ్గరికి వెళ్ళింది. అతను చెట్టుకొమ్మ మీద తీరిగ్గా మూతి తుడుచుకుంటున్నాడు.

"అయ్యో అక్కా! నీ తోకతోనే కదా తేలింది. ఇప్పుడొచ్చి నన్నడిగితే నేనేం చెయ్యను? అయినా ముళ్ళు నీకు కొత్తా?" అని నవ్వాడు.

ముళ్ళక్క తోక గలగలమనబోయింది. ఆమె గబుక్కున తోక మీద కూర్చుంది.

తిరిగి వస్తుంటే ఉడుము ఎదురుపడ్డాడు. "అనుమానం ఉంటే మంచిదే తల్లీ" అన్నాడు. "దాన్ని మోసుకు తిరిగితే మాత్రం లాభం లేదు. ఎక్కడ అనుమానమో అక్కడికి పోయి చూడు. చూసింది నలుగురిలో అడుగు."

ముళ్ళక్క పోయి చూసింది. కంపలో కాలు పెట్టలేదు. వనం చుట్టూ తిరిగి, అవతలి గట్టెక్కి, కిందికి తొంగిచూసింది. దారి దుమ్ములో వరసగా అడుగులున్నాయి. పొద్దున చూస్తే ఒక వరస, సాయంత్రం చూస్తే ఇంకో వరస. అన్నీ ఒక్కరివే. చెట్ల కింద ఒక్క ఈతపండు కూడా లేదు. గింజలు మాత్రం కుప్పలుగా పడి ఉన్నాయి.

ఎనిమిదో రోజు సభకు ముళ్ళక్క అందరికంటే ముందు వచ్చింది. ఒక పలకరాయి దొర్లించుకొచ్చి తన తోక మీద పెట్టుకుంది.

"అదేంటి వదినా, తోకకు దెబ్బ తగిలిందా?" అంది కుందేలు.

"లేదు. నోటికి పని చెప్దామని."

పునుగయ్య టేకాకు తీయకముందే ఆమె లేచి నిలబడింది. "పెద్దయ్యా, ఈతవనం దారి సంగతి మళ్ళీ ఎత్తుతున్నాను. ఎవరూ నడవని దారి అని చెప్పి దాన్ని మూశారు. కింది బొరియల వాళ్ళం రోజూ నడిచే దారి అది. నా పిల్లలు ఇప్పుడు నీళ్ళకోసం చిరుత ముందు నుంచి పోతున్నారు."

పునుగయ్య తీయగా దగ్గాడు. "పాపం, బాధ అర్థమవుతోంది. కానీ అయిదు తోకలతో తేలిన సంగతి కదా. మళ్ళీ ఎత్తకూడదు."

పెద్దయ్య ఒక కన్ను తెరిచాడు. "ఎత్తవచ్చు. ఆ అయిదుగురిలో ఒకరైతే ఎత్తవచ్చు. అది మా తాతల కాలం నుంచి ఉన్నదే. ముళ్ళక్క తోక చప్పుడు చేసిందా?"

పునుగయ్య మూతి ముడుచుకుపోయింది. రెండో కట్టుబాటును అతనూ మరిచిపోయాడు. వెంటనే మాట మార్చేశాడు. "లేదు లేదు పెద్దయ్యా! అది ఒప్పుకోలు కాదు. ఈమె కోపమొస్తే తోక ఆడిస్తుంది. అందరికీ తెలిసిందే! ఒప్పుకోనప్పుడు ఎత్తే హక్కు లేదు."

"నిన్నగాక మొన్న నీ తోకతోనే తేలిందన్నావే?" అంది ముళ్ళక్క.

"అప్పుడు సరదాకన్నాను."

పెద్దయ్య రెండో కన్ను కూడా తెరిచాడు. "ముళ్ళక్కది ఒప్పుకోలు కాదంటావు. అయితే ఆ రోజు ఒప్పుకున్న తోకలు ఎన్ని?"

పునుగయ్య బండ వంక చూశాడు. ఆకు వంక చూశాడు. "నాలుగు" అన్నాడు నెమ్మదిగా.

"నాలుగైతే సంగతి తేలనే లేదు. దారి మూయనే కూడదు. అయిదంటే ముళ్ళక్కకు అడిగే హక్కుంది. ఏదో ఒకటి చెప్పు నాయనా, మాకు ఏదైనా ఒకటే!"

సభంతా గొల్లుమంది.

ముళ్ళక్క నవ్వలేదు. "ఇంకొక్క మాట అడగాలి. మూసిన దారిలో రోజూ రెండు పూటలా ఒక్కరే నడుస్తున్నారు. అడుగులున్నాయి. ఈతగింజల కుప్పలున్నాయి. ఆ నడిచేది ఎవరు? పొద్దుండగానే అందరూ వచ్చి చూడండి."

అందరూ కదిలారు. అడుగులను కొలవాల్సిన పని కూడా లేకపోయింది. కంప కాస్త పక్కకు లాగగానే వనమంతా పునుగు వాసన గుప్పుమంది.

పునుగయ్య తల దించుకున్నాడు. "మూసినవాడే తియ్యాలి" అన్నాడు పెద్దయ్య. అందరూ చూస్తుండగా ఆ తుమ్మకంపనంతా పునుగయ్య ఒక్కొక్క కొమ్మే నోటితో పట్టి లాగాడు. మూతినిండా ముళ్ళు గుచ్చుకున్నాయి. ఆ ఏటి ఈతపండ్లు అయిపోయేదాకా అతని మూతి వాపు తగ్గలేదు. సంగతులు చదివే టేకాకు కూడా చేజారిపోయింది.

ఆ రోజు మళ్ళీ ఆగిపోయిన ఉడుము సంగతినే తర్వాతి సభలో ముందుగా ఎత్తారు. ముళ్ళక్క లేచి, "నాకు ఇతని మీద అనుమానం ఉండేది. అడిగాను. చెప్పాడు. నా పక్క బొరియే ఇద్దాం" అంది. "చివరిదాకా కదలకుండా వినేది ఇతనొక్కడే. టేకాకు కూడా ఇతనికే ఇద్దాం. ఇకనుంచి మామూలు పనులు ముందు చదవాలి. అందరూ మెలకువగా ఉన్నప్పుడు."

"ఒప్పుకున్నవాళ్ళు?" అన్నాడు పెద్దయ్య.

నాలుగు తోకలు బండ మీద టపటపమన్నాయి. అందరూ ముళ్ళక్క వైపు చూశారు. ఆమె ఈసారీ తోక మీద పెట్టుకున్న పలకరాయిని నెమ్మదిగా పక్కకు దొర్లించింది.

"నాకు ఇది ఇష్టమే" అని ముందు నోటితో చెప్పింది. ఆ తర్వాత తోకను గలగలలాడించింది.

నీతి: అనుమానాన్ని లోలోపలే మోగించుకుంటే అది మోసగాడికి పనికొస్తుంది, పోయి చూసి, నోరు తెరిచి అడిగితే మనకు పనికొస్తుంది.