మిణుగురు వెలిగి ఆరి, ఆరి వెలగడం ఎందుకంటే

ఒకప్పుడు, అంటే కొండలింకా గులకరాళ్ళంత ఉన్న రోజుల్లో, మిణుగురు అసలు ఆరిపోయేదే కాదు. రేయీ పగలూ వెలుగుతూనే ఉండేది. ఆ వెలుగులో ఏనుగులు ఒకదాని తలలో ఒకటి పేలు చూసుకునేవి. నమ్మరా? నేను సగం తగ్గించే చెప్పాను!

అప్పట్లో బోదురుకప్ప గొంతు దోమ గొంతుకన్నా సన్నం. ఒక ఎండాకాలం కుంట ఎండి అరచేతంత అయింది. తోకలింకా ఊడని కప్పపిల్లలు బురదలో గిలగిల్లాడాయి.

"చూస్తూ కూర్చుంటావేం? మబ్బు తాతను పిలువు!" అంది కప్పయ్య పెళ్ళాం.

"తాతా!" అని కప్పయ్య కీచుమన్నాడు.

మబ్బు తాత ఆగాడు. "ఏదో కుట్టినట్టుందే! ఎక్కడ కుట్టింది? నాకు ఒళ్ళే లేదు కదా!" అని తికమకపడి ముందుకు పోయాడు.

కప్పయ్య ఎండిన సొరబుర్రకు సాలీడు దారం బిగించి మీటాడు. టింగ్!

"ఎవరి గజ్జె ఊడిందిరా?" అన్నాడు మబ్బు తాత.

ఈసారి లావుపాటి తిప్పతీగ కట్టాడు.

"పచ్చితీగ గరగరమంటోంది, వాడిన తీగ కట్టు," అంది పెళ్ళాం.

కట్టాడు. ధుమ్మ్... మీరిప్పుడు బేస్ గిటార్ అంటారే, దాని ముత్తాత అదే! గుండ్రంగా, లోతుగా పలికింది. కానీ గోడవతల గురకలా మెల్లగా.

"నాదం ఉంది, బలం లేదు. మిణుగురమ్మను బుర్రలో కూర్చోబెట్టు, దాని వెలుగు బలం తీగకెక్కుతుంది!" అంది పెళ్ళాం.

మిణుగురు లోపల దూరింది. కప్పయ్య మీటాడు. ధుమ్ముమ్ముమ్! అడవవతల పులి మీసాలు రాలిపోయాయి. మబ్బు తాత గిర్రున తిరిగాడు. "మా ఉరుమన్నయ్యా? వస్తున్నా!"

కప్పయ్య పొంగిపోయాడు. మీటడం ఆపి, పిల్లలకు కబురు చెప్పడానికి గంతులేస్తూ పోయాడు. మిణుగురును బయటికి రమ్మనడం మరిచాడు. పాపం, అది ఎందుకో తెలియకుండానే బుర్రలో వెలుగుతూ కూర్చుంది.

మబ్బు తాత నెత్తిమీదికొచ్చి నిలబడ్డాడు. "పిలిచిందెవరు? ఏ కుంట? అన్నీ ఒకేలా ఉన్నాయే!"

కప్పయ్య పరుగున వచ్చి మీటాడు. ధుమ్... ధు... తుస్.

"అమ్మాయ్, ఏమైందే?"

"మావయ్యా, నువ్వు మీటినప్పుడూ వెలిగాను, మీటనప్పుడూ వెలిగాను. ఇక నావల్ల కాదు," అంటూ మిణుగురు ఆరిపోయి బయట పడింది.

"పిలిచారా, పిలవలేదా? నాకే చెవుడొచ్చిందా?" మబ్బు తాత గొణుక్కుంటూ వెనక్కి తిరిగాడు.

బురదలో పిల్లలు కదలడం మానేశాయి. కప్పయ్య ఏం చేస్తున్నాడో తెలియకుండానే సొరబుర్రను నోట్లో పెట్టుకుని, తీగతో సహా మింగేశాడు!

గొంతు బుర్రంత ఉబ్బింది. "బోఁ... ర్ర్ర్ర్!"

మబ్బు తాత అదిరిపడి మోసుకొచ్చిన నీళ్ళన్నీ అక్కడే ఒలకబోశాడు. పిల్లలు తోకలాడించాయి.

"వాయించమంటే మింగేశావా!" అంది పెళ్ళాం, ఏడవాలో నవ్వాలో తెలియక.

తడి ఆకుకింద మిణుగురు కాస్త తేరుకుంది. "మావయ్యా, వెలగనా? మాననా?"

"కాస్త వెలుగు, కాస్త మానుకో తల్లీ," అన్నాడు కప్పయ్య. ఎంత వెలగాలో, ఎంత మానాలో అతనికీ తెలియదు మరి.

అప్పటినుంచే వానొచ్చే ముందు బోదురుకప్ప గొంతు బుర్రలా ఉబ్బుతుంది. మిణుగురేమో ఓసారి వెలుగుతుంది, "ఇప్పుడు మీటుతున్నారా?" అని చెవి ఒగ్గుతుంది, ఏమీ తేల్చుకోలేక ఆరిపోతుంది. మళ్ళీ వెలుగుతుంది.