అలుగు అనుమానం, గులాబీ రాయి

అనగనగా ఒక అడవి ఉండేది పిల్లలూ. ఆ అడవి అంచున మనుషులు మాంగనీసు తవ్వుకుని వదిలేసిన నల్లటి గుట్టలు. వాటి కింద బొరియలో ఒక అలుగు తన బిడ్డతో ఉండేది. దానికి ఒళ్లంతా పొలుసులు, మనసంతా అనుమానాలు. ఆకు కదిలితే చాలు, బంతిలా చుట్టుకుపోయేది!

వానాకాలం వస్తే ఆ బొరియలోకి నీళ్లు వచ్చేవి. కిందటేడు బిడ్డ మునిగిపోయేదే, ఎలాగో బతికి బయటపడింది. మళ్లీ వానలు దగ్గరపడుతున్నాయని అలుగుకి ఒకటే బెంగ.

ఒకనాడు చీమల కోసం తవ్వుతుంటే, నల్లరాతి మధ్య గులాబీరంగు రాయి ఒకటి తళుక్కుమంది. అద్దంలా తేటగా ఉంది. అలుగుకి ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే కొండమీది ఎలుగుబంటికి రంగురాళ్లంటే పిచ్చి. అరుదైన రాయి తెచ్చినవాళ్లకి తన రెండో గుహ ఇచ్చేస్తానని అడవంతా చెప్పింది.

రాయి పట్టుకుని బయల్దేరితే, దారిలో ముంగిస ఎదురైంది. "ఉత్త గులకరాయి, అలుగక్కా! నీకెందుకీ మోత? ఇలా పడెయ్," అంది. దాని కళ్లు మాత్రం రాయి మీంచి కదల్లేదు.

"పనికిరానిదైతే నీకెందుకురా?" అని అలుగు రాయిని పొట్టకింద దాచుకుంది. ఆ అనుమానం మంచిదే.

తరువాత, రాయి నిజంగా అరుదైనదో కాదో తేల్చుకుందామని ఉడుము తాత దగ్గరికి వెళ్లింది. తాత తుప్పుపట్టిన మేకుతో రాయిని గీసి చూశాడు. గీత పడలేదు.

"ఇదే రంగులో మెత్తరాయి ఒకటుంది, దానిమీదైతే గీత పడేది. ఇది గట్టిది. మాంగనీసు గుట్టల్లో ఈ జాతి రాయి దొరుకుతుంది కానీ మసకగా ఉంటుంది. ఇంత తేటగా ఉన్నది నేనెన్నడూ చూడలేదమ్మా. ఒకటే జాగ్రత్త, కొట్టి చూడకు. పలకలుగా విడిపోతుంది," అన్నాడు.

'కొట్టొద్దంటున్నాడేం? లోపల ఏదో లోపం ఉంది, దాస్తున్నాడు' అనుకుంది అలుగు.

కొండెక్కి చూపిస్తే, ఎలుగుబంటి రాయిని చూడగానే ఎగిరి గంతేసింది. "ఇచ్చెయ్, అలుగమ్మా! ఇప్పుడే గుహలో దిగిపో," అంది.

అలుగు వెనక్కి తగ్గింది. 'బేరమైనా ఆడకుండా ఒప్పుకుందే! గుహలో పాములున్నాయా? లేక ఈ రాయి వెల రెండు గుహలా?' రేపు చెప్తానని రాయి తీసుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చినా మనసు ఊరుకోలేదు. లోపల ఏముందో చూసి తీరాలని రాయిని బండమీద పెట్టి, ఇంకో రాతితో ఒక్కటిచ్చింది. గులాబీ రాయి పెళపెళా పలకలై రాలిపోయింది. లోపల ఏ లోపమూ లేదు పిల్లలూ, అంతా గులాబీరంగే!

ఏడుస్తూ ఆ ముక్కలే ఏరుకుని కొండెక్కింది. ఎలుగుబంటి వాటిని అరచేతిలో పోసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇలాంటి పగిలిన ముక్కలు నా దగ్గర బోలెడున్నాయమ్మా," అని తిరిగిచ్చేసింది.

ఆ సాయంత్రమే వాన మొదలైంది. తల్లి తోకమీద కూర్చున్న బిడ్డ, "అమ్మా, గుహకి ఎప్పుడెళ్దాం?" అని అడిగింది. అలుగు బొరియలోకి వస్తున్న నీళ్లకి మట్టి అడ్డం వేస్తూ ఉండిపోయింది.

నీతి: మోసగాణ్ణి అనుమానిస్తే మేలు జరుగుతుంది, మేలు కోరేవాణ్ణి కూడా అనుమానిస్తే చేతికందిన మేలు చేజారుతుంది.